జాతీయ జట్టు కోచ్‌ల దగ్గర మూడు వారాలు: ఒక టేబుల్ టెన్నిస్ శిబిరంపై సమీక్ష

జాతీయ జట్టు క్రీడాకారులను తయారుచేసే టేబుల్ టెన్నిస్ కోచ్‌లు, పోటీల మధ్య కాస్త విరామం దొరికినప్పుడు, జూనియర్ల కోసం ఆవాస శిబిరాలు నడుపుతుంటారు. అటువంటి ఒక శిబిరంలో మా అమ్మాయి మూడు వారాలు శిక్షణ తీసుకుంది. ప్రతి క్రీడాకారిణితోనూ ఇంటి మనిషి ఒకరు ఉండవచ్చునన్న వీలు ఉండడంతో నేను ఆ మూడు వారాలూ హాలు మెట్ల మీద కూర్చుని చూశాను. నేనూ ఒకప్పుడు బ్యాట్ పట్టినవాణ్ణే గాని క్లబ్బు స్థాయి దాటలేదు. కాబట్టి దీన్ని నిపుణుడి తీర్పుగా కాక, ఆట తెలిసిన ఒక తండ్రి పరిశీలనగా తీసుకోవాలి. శిబిరం పేరు గాని, కోచ్‌ల పేర్లు గాని రాయడం లేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించిన సందర్భాలూ ఉన్నాయి, కట్టిన డబ్బు తిరిగి అడగాలనిపించిన రోజులూ ఉన్నాయి. రెండింటికీ కారణం ఒక్క మనిషే కావడం విచిత్రం.

మొదటి రోజు నాకు నిరాశే కలిగింది. జాతీయ జట్టు కోచ్ అనగానే బయట ఎవరికీ తెలియని కసరత్తులేవో చేయిస్తారని ఊహించుకున్నాను. తీరా చూస్తే అక్కడ చేయించినది మా అమ్మాయి ఏళ్ల తరబడి చేస్తున్నదే: ఎడమ మూల నుంచి ఒక బ్యాక్‌హ్యాండ్, అదే మూలలో పక్కకు తిరిగి ఒక ఫోర్‌హ్యాండ్, ఆ వెంటనే కుడి చివరికి వెళ్లి మరో ఫోర్‌హ్యాండ్, మళ్లీ మొదటికి. స్వీడన్‌లోని ఫాల్కెన్‌బర్గ్ క్లబ్బు పేరుతో ప్రసిద్ధమైన ఈ కసరత్తు, టేబుల్ ఉన్న ప్రతి చోటా ఉంది. ఆ క్లబ్బు నుంచి వచ్చిన స్టెలాన్ బెంగ్ట్సన్ జపాన్ వెళ్లి సాధన చేసి, 1971లో ఆ దేశంలోనే, నగోయాలో ప్రపంచ సింగిల్స్ విజేత అయ్యాడు. జపాన్ దిగ్గజం ఇచిరో ఒగిమురా అంతకు ముందే స్వీడన్ ఆటగాళ్లకు పాఠాలు చెప్పి ఉన్నాడు. ఈ ఆటలో కసరత్తులు ఎప్పుడో సముద్రాలు దాటేశాయి, దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. మరి ఇంత దూరం వచ్చి ఏం కొనుక్కుంటున్నట్టు అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ప్రధాన కోచ్ మల్టీబాల్ చేయించే తీరు ముందు చెప్పాలి. బుట్ట నిండా బంతులు పక్కన పెట్టుకుని, ఎడమ చేత్తో ఒక్కొక్కటీ అందుకుంటూ కుడి చేతి బ్యాట్‌తో అవతలికి పంపడం ఎవరైనా చేయగలరు. సాధారణంగా ఆ పని గడియారం కొట్టినట్టు సాగుతుంది, ఆడేవాళ్లు ఆ లయకు అలవాటు పడిపోతారు, నిజమైన మ్యాచ్‌లో ఆ లయ ఉండదు. ఈయన పంపే బంతులు మాత్రం ఒక దానికొకటి పోలిక లేకుండా వచ్చేవి. రెండు వేగంగా, ఒకటి అర క్షణం ఆగి, ఒకటి బరువైన అండర్‌స్పిన్‌తో, అంటే వెనక్కి తిరుగుతూ, నెట్ అవతలే చతికిలపడేలా, మరొకటి స్పిన్ ఏమీ లేకుండా పంపేవాడు. అంతకంటే నన్ను ఆకట్టుకున్నది ఆయన చూపు. అమ్మాయి కొట్టిన బంతి టేబుల్ మీద పడిందా లేదా అని ఆయన ఒక్కసారైనా తిరిగి చూడలేదు. చప్పుడు బట్టి తెలుసుకుంటున్నట్టుంది. కళ్లు ఎప్పుడూ అమ్మాయి మోకాళ్లకు కింది భాగం మీదే ఉండేవి.

మా అమ్మాయి లోపం ఏమిటంటే, తన సర్వీస్ తర్వాత వచ్చే మొదటి బంతిని ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకు తిరిగేలా, కొట్టేటప్పుడు ఆలస్యమైపోతుంది. బంతి శరీరానికి మరీ దగ్గరగా వచ్చేశాక కొట్టడంతో అది నెట్‌కు తగులుతుంది, లేదంటే టేబుల్ దాటిపోతుంది. ఇంతకు ముందు చూసిన వారందరూ మోకాళ్లు వంచమని, చెయ్యి ముందుకు తెమ్మని, ఇంకా తొందరగా కొట్టమని చెప్పారు. పాపం, ఆ పిల్ల అన్నీ చేసింది, లోపం మాత్రం పోలేదు. ఈయన రెండు రోజులు ఒక్క మాట కూడా అనలేదు. అసలు పట్టించుకుంటున్నాడా అని నాకు అనుమానం కూడా వచ్చింది. మూడో రోజు ఉదయం సుద్దముక్క తెచ్చి, సర్వీస్ చేసేటప్పుడు ఆమె నిలబడే చోటికి సుమారు ఒక అడుగు వెనుకగా నేల మీద గీత గీశాడు. సర్వీస్ బంతి బ్యాట్‌ను వదలగానే రెండు పాదాలూ ఆ గీత వెనక్కి చేరాలి, ఆ తర్వాత ఎలా కొట్టినా ఫరవాలేదు, అదీ షరతు. అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. సర్వీస్ చేశాక ఆమె టేబుల్‌కు అతుక్కున్నట్టు అక్కడే నిలబడిపోతోంది, పొడవుగా తిరిగి వచ్చిన బంతికి చోటు చాలడం లేదు. అందరూ చెయ్యిని సరిచేయబోయారు, తప్పు అంతకు ముందు అడుగులో ఉంది. ఆ రోజు మధ్యాహ్నానికి లోపం పూర్తిగా పోయిందని అనను గాని, నాలుగు బంతుల్లో మూడు సరిగ్గా తగిలిన చప్పుడు మెట్ల మీద ఉన్న నాకే వినిపించింది.

ఈ సవరణ ఎందుకంత విలువైనదో ఆట నియమాలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. 2001లో గేమ్‌ను 21 పాయింట్ల నుంచి 11కు కుదించాక, సర్వీస్ రెండేసి పాయింట్లకు చేతులు మారుతోంది. తన సర్వీస్ మీద వచ్చే ఆ రెండు పాయింట్లలో మూడో బంతిని, అంటే సర్వీస్ తిరిగి వచ్చాక తాను కొట్టే మొదటి బంతిని, వృథా చేసుకునే ఆటగత్తెకు గేమ్‌లో కోలుకునే సమయం ఉండదు.

గొప్పగా ఆడినవాడే గొప్ప కోచ్ అవుతాడా అన్న చర్చ తల్లిదండ్రుల మధ్య ఎప్పుడూ ఉంటుంది. ల్యూ గ్వోల్యాంగ్ 1996 అట్లాంటా ఒలింపిక్స్ సింగిల్స్ విజేత. కలం పట్టినట్టు బ్యాట్ పట్టే పెన్‌హోల్డ్ పట్టుతో, బ్యాట్ మీద పొట్టి పింపుల్స్ (బొడిపెలు) ఉన్న రబ్బరుతో టేబుల్‌ను అంటిపెట్టుకుని ఆడిన మనిషి. ఆయన 2003లో చైనా పురుషుల జట్టు పగ్గాలు చేపట్టాక ఆ జట్టు నుంచి 2012 లండన్‌లో జాంగ్ జికె, 2016 రియోలో మా లాంగ్ స్వర్ణాలు గెలిచారు. వాళ్లిద్దరిదీ కరచాలనం చేసినట్టు బ్యాట్ పట్టే షేక్‌హ్యాండ్ పట్టు, ఇద్దరూ నున్నటి రబ్బర్లతో టాప్‌స్పిన్ ఆడేవాళ్లు, అంటే ఆయన ఆటకు ఏమాత్రం సంబంధం లేనివాళ్లు. తన నకళ్లను తయారుచేసుకునే కోచ్ నుంచి పిల్లలను దూరంగా ఉంచడం మంచిదని నా అభిప్రాయం. మా శిబిరం ప్రధాన కోచ్ ఈ విషయంలో నూటికి నూరు మార్కులకు అర్హుడు. టేబుల్‌కు దూరం నుంచి బంతిని కిందికి కోసినట్టు కొట్టి (చాప్ చేసి) ఆడే ఒక అబ్బాయి పద్ధతిని ఆయన మార్చబోలేదు సరికదా, వాడి కోసం రోజూ అరగంట విడిగా కేటాయించాడు.

శిబిరంలో రెండో గొప్ప సౌకర్యం స్పారింగ్ ఆటగాడు, అంటే సాధనలో పిల్లలకు ఎదురుగా ఆడేవాడు. చైనా జట్టులో విదేశీ ప్రత్యర్థుల శైలిని అనుకరించి ఆడడమే పనిగా పెట్టుకున్న సాధన సహచరులు ఉంటారన్నది ఆట లోకానికంతా తెలిసిన సంగతే. ఇక్కడ అంత ఏర్పాటు లేకపోయినా, ఒకప్పుడు జాతీయ శిబిరాల్లో ఆడిన ఒక యువకుడు రోజుకొక అవతారం ఎత్తేవాడు. ఒక రోజు పొడవు పింపుల్స్ రబ్బరు అతికించిన బ్యాట్, మరొక రోజు ఎడమ చెయ్యి, ఇంకొక రోజు ఏదొచ్చినా బ్లాక్ చేసి తిప్పికొట్టడం తప్ప మరేమీ చేయని గోడ ఆట. సొంత క్లబ్బులో ఎప్పుడూ ఆ నలుగురితోనే ఆడే పిల్లలకు ఇది వేరే చోట దొరకదు. తాను ఇచ్చిన స్పిన్ తనకే తిరగబడి వస్తుంటే మా అమ్మాయి మొదటి రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది, నాలుగో రోజుకు అతన్ని ఒక గేమ్ ఓడించింది.

మాట తక్కువగా వాడడం కూడా ఒక విద్యేనని అక్కడే చూశాను. 2016 నుంచి అంతర్జాతీయ నియమాలు, ఆట ఆలస్యం కానంత వరకు, ర్యాలీ నడుస్తున్నప్పుడు తప్ప ఎప్పుడైనా కోచ్ సలహా ఇవ్వవచ్చునని అనుమతించాయి. దాంతో చాలా హాళ్లలో పాయింటు పాయింటుకూ కేకలే. శిబిరం మ్యాచ్‌ల్లో మాత్రం ప్రధాన కోచ్ కుర్చీలో కదలకుండా కూర్చునేవాడు. మా అమ్మాయి రెండు గేములు వెనుకబడి విరామానికి వచ్చినప్పుడు, ఉన్న ఒక్క నిమిషంలో నలభై సెకన్లు తుడుచుకోనిచ్చి, నీళ్లు తాగనిచ్చి, ఆ తర్వాత ఒక్క మాట చెప్పాడు: ఫోర్‌హ్యాండ్ వైపు పొట్టిగా సర్వీస్ చేసి, బ్యాక్‌హ్యాండ్ వైపు పొడవు బంతి కోసం ఎదురుచూడమన్నాడు. అంతే. ఆమె ఆ మ్యాచ్ ఓడిపోయింది, కాని తర్వాతి రెండు గేములు గెలిచి చివరి గేమ్ దాకా లాక్కెళ్లింది. పై నుంచి అరిచిన నాకు అదే రోజు చివరి మెట్టు మీదికి బదిలీ అయింది, న్యాయమే.

ఇక ఫిర్యాదు. రెండో వారం మొదటి రోజు ఉదయం హాలుకు వెళ్లేసరికి ప్రధాన కోచ్ లేడు. జాతీయ జట్టుతో టోర్నమెంటుకు వెళ్లాడనీ, ఆ వారమంతా సహాయ కోచ్‌లు చూసుకుంటారనీ చెప్పారు. జాతీయ కోచ్‌కు జట్టే మొదటి బాధ్యత, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కాని ఆ టోర్నమెంటు తేదీలు ఆ ఉదయమే పుట్టుకొచ్చినవి కావు కదా! ఎవరి పేరు చూసి మేమంతా చేరామో ఆయన మూడింట ఒక వంతు రోజులు ఉండడన్న సంగతి ప్రకటనలో ఎక్కడా లేదు, ఫీజు కట్టించుకున్నప్పుడూ చెప్పలేదు. అడిగితే నిర్వాహకులు, శిక్షణ ప్రణాళిక మారలేదు కదా అన్నారు. నిజమే, ప్రణాళిక మారలేదు. అవే కసరత్తులు, అదే సమయ పట్టిక, అన్నే బంతులు. మారినదల్లా చూసే కళ్లు.

సహాయ కోచ్‌లు సోమరులని అనలేను. గొంతు పోయేలా లెక్కపెట్టేవారు, చెమటలు కక్కేవారు. అయితే వాళ్ల చూపు బంతి వెంట పోయేది. పడిన బంతికి శభాష్, పడని బంతికి మళ్లీ. సుద్దగీత మంగళవారం శుభ్రం చేసినప్పుడు చెరిగిపోయింది. బుధవారం ఒక సహాయ కోచ్ మా అమ్మాయి టేబుల్‌కు దూరంగా ఉంటోందని గమనించి, దగ్గరికి జరిగి నిలబడమని ఆదేశించాడు. ఆమె పెద్ద సార్ చెప్పినది ఇదీ అని చెప్పబోతే ఎదురు చెప్పవద్దన్నాడు. మొదటి వారంలో సంపాదించినది శుక్రవారానికి సగం పోయింది. ఒకే శిబిరంలో ఇద్దరు కోచ్‌లు ఒకే పిల్లకు ఎదురెదురు సూచనలు ఇవ్వడం చిన్న లోపం కాదు. ఒక నోటుపుస్తకంలో ప్రతి ఒక్కరి గురించి రెండు వాక్యాలు రాసి పెట్టి వెళ్లి ఉంటే సరిపోయేది. అదే వారంలో మరొకాయన పిల్లలందరికీ బ్యాట్ మీద పైపొర జిగురుగా ఉండే రబ్బర్లకు మారమని సలహా ఇచ్చాడు. ప్రతి ఒక్కరి ఆటా వేరైనప్పుడు అందరికీ ఒకే రబ్బరు ఎలా సరిపోతుందో నాకు బోధపడలేదు. మేం మార్చలేదు.

మూడో వారం ప్రధాన కోచ్ తిరిగి వచ్చాడు. పది నిమిషాలు చూసి, గీత ఏమైందని అడిగాడు, సమాధానం విని ఎవరినీ ఏమీ అనకుండా మళ్లీ సుద్దముక్క తెప్పించాడు. చివరి రోజు ముఖాముఖికి మాకు కేటాయించిన సమయం పది నిమిషాలకు మించలేదు, రాతపూర్వక నివేదిక ఇచ్చే పద్ధతే లేదన్నారు. నేను పట్టుబడితే ఆయనే ఒక అరకాగితం మీద మూడు వాక్యాలు రాసి ఇచ్చాడు. మొదటిది గీత గురించి. రెండోది, సర్వీస్ సాధనకు రోజూ ఇరవై నిమిషాలు ఒంటరిగా కేటాయించమని. మూడోది మాత్రం నా కోసం రాసినట్టుంది, మ్యాచ్ ముగిసిన గంట వరకు ఇంట్లోవాళ్లు ఆట గురించి మాట్లాడకూడదని.

ర్యాలీ నిలబెట్టడమే ఇంకా నేర్చుకుంటున్న పిల్లలను ఇటువంటి చోటికి పంపడం వల్ల ఉపయోగం ఉండదు. వాళ్లకు కావలసినవి బంతులు, అవి తమ క్లబ్బులోనే దొరుకుతాయి. ఆట కుదిరి, ఎక్కడో ఒక చోట అడ్డుపడి నెలల తరబడి కదలని వాళ్లకు మాత్రం ఇది తగినది. వీలైతే సొంత కోచ్‌ను కూడా వెంట తీసుకువెళ్లండి. శిబిరంవాళ్లు ఆఖరి మూడు రోజులు మా కోచ్‌ను హాలులోకి రానిచ్చారు, అదొక్కటి వాళ్లు చేసిన మంచి పని. ఇప్పుడు మా క్లబ్బు నేల మీద కూడా ఒక తెల్ల టేపు ముక్క ఉంది. వచ్చే ఏడాది మళ్లీ పంపుతామా అంటే, పంపుతాం, ప్రధాన కోచ్ ఏ రోజులు ఉంటాడో కాగితం మీద రాసి ఇస్తేనే. ఈసారి ప్రకటన రాగానే నేను మొదట తెరిచేది అంతర్జాతీయ టోర్నమెంట్ల క్యాలెండర్.