ఎన్‌వీడీఏ: ఏళ్ల తరబడి వాడుతున్నవాడి మాట

నాకు చూపు లేదు. ఆఫీసు ఉత్తరాలు, ఎక్సెల్ షీట్లు, ఇంట్లో కరెంటు బిల్లు, పొద్దున్నే వార్తలు అన్నీ ఎన్‌వీడీఏతోనే నడుస్తాయి. తెరమీద ఉన్నది చదివి వినిపించే ఈ స్క్రీన్ రీడర్‌ను 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ మొదలుపెట్టారు. ఆయనకీ చూపు లేదు. జాస్ లాంటి వేరే స్క్రీన్ రీడర్లను డబ్బు పోసి కొనాలి, దీనికి పైసా అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి వేరేవాళ్ల కంప్యూటర్‌లోనూ నడుపుకోవచ్చు.

కొత్తవాళ్లను బెదరగొట్టేది దీని గొంతు. ఇందులోనే వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు చదివితే రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. మా ఇంట్లోవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా నేను మార్చలేదు. వేగం బాగా పెంచినా మాట ముద్దకాదు, మీట నొక్కగానే పలుకుతుంది. పని చేసుకునేవాడికి తీపి గొంతు కన్నా అదే ముఖ్యం. తెలుగు గొంతు పెట్టుకుంటే మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటల్ని కూడా చదివేస్తుంది.

ఎక్సెల్‌లో బాణం మీట నొక్కితే మొదట గడిలోని అంకె, వెంటనే గడి పేరు చెబుతుంది: "4,500, బి7". గడిలో ఫార్ములా ఉంటే, ఉందని కూడా చెబుతుంది. వెబ్‌పేజీలో హెచ్ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకి, కె నొక్కితే లింకు నుంచి లింకుకి వెళ్తాం. పేజీ తయారుచేసినవాళ్లు శీర్షికను శీర్షికగా పెట్టి ఉండాలి, అంతే. అక్షరాలు లావు చేసి వదిలేస్తే హెచ్‌కి ఏమీ దొరకదు. బటన్లకు పేర్లు పెట్టకపోతే "బటన్, బటన్, బటన్" అని వినిపిస్తుంది. ఏది డబ్బు పంపేదో, ఏది రద్దు చేసేదో దేవుడికెరుక.

ఇందులోని స్క్రీన్ కర్టెన్ అనే సదుపాయం పెడితే తెర మొత్తం నల్లబడుతుంది, పక్కవాళ్లకి మన వివరాలు కనబడవు. "సిస్టమ్ ఆపేసి కూర్చున్నావేంటన్నా?" అని అడిగేవాళ్లు మాత్రం ఉంటారు.

అసలు టెన్షన్ తెలుగు పీడీఎఫ్‌లతోనే. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలు చూసేవాళ్లకి చక్కటి తెలుగే. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. ఎన్‌వీడీఏ దాన్ని నిజాయితీగా చదివి చెవులు చిల్లులు పొడుస్తుంది. స్కాన్ చేసిన కాగితమైతే బొమ్మే కాబట్టి అసలు నోరే విప్పదు. అలాంటివాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరుస్తాను. తెలుగు చాలావరకు బయటికి వస్తుంది. వత్తులూ అంకెలూ మాత్రం నమ్మను, తేదీ, మొత్తం ఎవరినైనా అడిగి సరిచూసుకుంటాను. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లో టైపు చేసి పంపితే ఈ తిప్పలేవీ ఉండవని ఎంతమందికి చెప్పానో!

మనిషేనా అని తేల్చుకోడానికి వంకర అక్షరాల బొమ్మలు చూపే క్యాప్చాల గురించి చెప్పేదేముంది. కేవైసీ మరీ దారుణం. కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే మేమేం చేయాలి? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేననీ, కేవైసీని మాలాంటివాళ్లకి వీలుగా మార్చాలనీ 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఓ యాప్‌లో మాత్రం మొన్నటికి కూడా మా అబ్బాయే ఫోను పట్టుకుని "కొంచెం ఎడమకి నాన్నా" అనాల్సి వచ్చింది. అక్కడ ఏ స్క్రీన్ రీడరూ చేయగలిగింది లేదు.

కొత్తగా వేసుకునేవాళ్లు మొదట తెరుచుకునే పెట్టెలో క్యాప్స్‌లాక్‌ను ఎన్‌వీడీఏ మీటగా, అంటే దాని ఆదేశాలకు నొక్కిపట్టే మీటగా పెట్టుకోండి. మామూలుగా ఆ పనికి ఉండేది ఇన్సర్ట్, చాలా ల్యాప్‌టాప్‌లలో అదెక్కడుందో వెతకడమే ఓ పని. వాగుడు ఆపాలంటే కంట్రోల్ నొక్కండి.