ఆరేళ్ల డిష్‌వాషర్, మొండికేసే చిన్న మూత

ఈ డిష్‌వాషర్ మా ఇంటికొచ్చి ఆరేళ్లు దాటింది. రోజుకొక్కసారి నడిచిందనుకున్నా రెండు వేల సార్లకు పైనే నడిచి ఉంటుంది. పంపు బాగుంది, మోటారు బాగుంది, లోపలి స్టీలు ఇంకా కొత్తగానే ఉంది. నన్ను ఏడిపించింది ఒక్కటే. తలుపు లోపలివైపు, డిటర్జెంట్ వేసే అర మీద అరచేయంత మూత ఉంటుంది చూడండి, అదే. ఈ సమీక్షలో సగానికి పైగా దాని గోలే ఉంటుంది, ముందే చెబుతున్నా.

మొదటిసారి నాలుగో నెలలోనే తగులుకుంది. రెండు గంటలు తిరిగాక తలుపు తీస్తే గ్లాసుల మీద మసక, గిన్నెల అడుగున జిడ్డు అలాగే ఉన్నాయి. మూత వేసింది వేసినట్టే ఉంది. కొక్కెం నొక్కి తెరిస్తే లోపల డిటర్జెంట్ ట్యాబ్లెట్ దాదాపు అలాగే ఉంది, ఒక మూల మాత్రం తడిసి సుద్దముక్కలా మెత్తబడింది. "కొని నాలుగు నెలలు కాలేదు, అప్పుడే పాడైపోయిందా?" అని మా ఆవిడ. నాకూ టెన్షన్ మొదలైంది. సర్వీసుకు ఫోన్ చేయబోతూ కింది ర్యాక్ బయటికి లాగితే అసలు దొంగ దొరికాడు. ముందు వరసలో నిలబెట్టిన పెద్ద ట్రే. దాని అంచు సరిగ్గా మూతకు అడ్డం. మూత తెరుచుకోబోయి, ట్రేకి తగిలి, అక్కడే ఆగిపోయింది.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. తలుపు పూర్తిగా మూసే ముందు, ఇంకా బెత్తెడు సందు ఉండగా ఆగి, మూతకు ఎదురుగా ఏముందో పక్కనుంచి ఒకసారి చూస్తాను. పొడుగు పళ్లేలు, ట్రేలు వెనక వరసకు పోతాయి. నీళ్లు చిమ్ముతూ తిరిగే స్ప్రే ఆర్మ్‌ను కూడా చేత్తో ఒక చుట్టు తిప్పుతాను. ఏ గరిటె కాడో కిందికి జారి దానికి అడ్డం పడితే, మూత తెరుచుకున్నా ట్యాబ్లెట్ మీదికి నీళ్లు సరిగ్గా చేరవు.

రెండో రకం తంటాకు కారణం నేనే. అర తడిగా ఉండగానే ట్యాబ్లెట్ పెట్టి మూత వేయడం, పైగా రాత్రి పెట్టి తెల్లవారుజామున నడిచేలా టైమర్ సెట్ చేయడం. ట్యాబ్లెట్‌కు చుట్టి ఉండే పల్చటి పొర నీటిలో కరిగేదే కదా, తడి తగిలితే జిగురులా మారి అరకు అతుక్కుంటుంది. తడి చేత్తో పట్టుకున్నా అంతే. ఇప్పుడు ముందు పొడిగుడ్డతో అర తుడిచి, పొడి చేత్తో ట్యాబ్లెట్‌ను పడుకోబెట్టి పెడతాను. నిలబెట్టి ఇరికిస్తే మూత దాన్ని నొక్కిపెట్టి కూర్చుంటుంది. డబ్బాను సింకు కింద చెమ్మలో ఉంచడం కూడా మానేశాం. పౌడర్ వాడేవాళ్లు అరలో గీత వరకే వేయండి. అంచుల్లో గట్టిపడిన పౌడర్‌ను గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో వదిలించండి. చాకుతో గోకితే చుట్టూ ఉన్న రబ్బరు తెగుతుంది.

ఒకసారి మా అబ్బాయి ఉత్త నీళ్లతో కడిగే ప్రోగ్రామ్ నొక్కేసి, మూత తెరుచుకోలేదని ఇల్లంతా హడావిడి చేశాడు. ఆ ప్రోగ్రామ్‌లో అది తెరుచుకోదు.

అసలైన రిపేరు నాలుగో ఏడాదిలో వచ్చింది. ఈసారి అడ్డం ఏమీ లేదు, అర పొడిగానే ఉంది, అయినా వరసగా మూడు రోజులు మూత కదల్లేదు. అప్పుడు గమనించిన ఇంకో సంగతి, రిన్స్ ఎయిడ్ (గిన్నెలు మచ్చల్లేకుండా ఆరడానికి చివర్లో కలిసే ద్రవం) కూడా తగ్గడం లేదు. మా మిషన్‌లో, ఇలాంటివి చాలావాటిలో కూడా, మూతను వదిలేదీ రిన్స్ ఎయిడ్ వదిలేదీ ఒకే భాగం. ప్రీ-వాష్, అంటే అసలు వాష్‌కు ముందు గిన్నెలను తడిపే దశ, నీళ్లు బయటికి పోయాక కంట్రోల్ బోర్డు దానికి కరెంటు పంపుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, స్ప్రింగు మూతను తెరుస్తుంది. కొన్నింటిలో ఆ పని సాలినాయిడ్ కాయిల్ (కరెంటు వస్తే అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) చేస్తుంది, టక్కున శబ్దం వస్తుంది. కొన్నింటిలో చిన్న గొట్టంలో మైనం ఉంటుంది. అది వేడెక్కి ఉబ్బి పిన్నును నెడుతుంది కాబట్టి కాస్త నిదానం. మాది కాయిల్ రకం.

ఖాళీ మిషన్‌లో మూత మాత్రం వేసి, మామూలు ప్రోగ్రామ్ పెట్టి, నేల మీద కూర్చుని తలుపుకు చెవి ఆనించాను. నీళ్లు పోయిన చప్పుడు, మళ్లీ నిండిన చప్పుడు విన్నాను. టక్కుమనాల్సింది మాత్రం అనలేదు. ఆపి చూస్తే మూత మూసే ఉంది. వేలితో కొక్కెం నొక్కితే ఠపీమని తెరుచుకుంది. అంటే స్ప్రింగు బాగానే ఉంది, దాన్ని వదిలేవాడే పనిలోకి రావడం లేదు.

వచ్చిన మొదటి టెక్నీషియన్ తలుపు విప్పకుండానే కంట్రోల్ బోర్డు మార్చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండో అతను ప్లగ్ తీసేసి, తలుపు లోపలి అంచు చుట్టూ ఉన్న స్క్రూలు విప్పి, కాయిల్‌కు మల్టీమీటర్ పెట్టాడు. కాయిల్ తెగిపోయింది. బోర్డుకు ఏ రోగమూ లేదు. డిస్పెన్సర్, అంటే అర, మూత, కాయిల్ అన్నీ కలిపి, ఒకే ముక్కగా వస్తుంది, బిగించడానికి అరగంట పట్టింది. మీకూ బోర్డు మాట చెబితే, ముందు కాయిల్ కొలిచి చూపించమనండి.

ఆ ముక్క రావడానికి రెండు వారాలు పట్టింది. ట్యాబ్లెట్‌ను ముందే లోపల పడేస్తే ప్రీ-వాష్ నీళ్లతో చాలావరకు కొట్టుకుపోతుంది, అసలు వాష్‌కు మిగలదు. అందుకని ఫోన్లో అలారం పెట్టుకుని, ప్రీ-వాష్ నీళ్లు పోగానే మిషన్ ఆపి, తలుపు మెల్లగా తీసి ట్యాబ్లెట్ వేసేవాణ్ని. విసుగే, కానీ చేత్తో అంట్లు తోముకునే పని తప్పింది.

మిగతా విషయాలకొస్తే, శబ్దం తక్కువ, గాజు, స్టీలు బాగా శుభ్రమవుతాయి. ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం తడిగానే బయటికొస్తాయి, గుడ్డతో తుడుచుకోవాల్సిందే. కొత్త డిస్పెన్సర్ రెండేళ్లుగా ఇబ్బంది పెట్టలేదు. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను, కాకపోతే మూత పక్కకు జరిగే మోడల్ దొరికితే దానికే మొగ్గుతాను. షోరూమ్‌కు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న అతిపెద్ద ట్రే కొలత రాసుకుని వెళ్లండి. కింది ర్యాక్‌లో అది నిలబడ్డాక మూతకు ఎంత చోటు మిగులుతుందో అక్కడే చూసుకోవచ్చు.