ఈఎస్‌ఏస్కై: నల్లని మేఘం లోపలికి చూపించే ఆకాశపటం

అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలైన నీహారికల ఛాయాచిత్రాలకు ఇప్పుడు కొదవ లేదు. అయితే ఏ చిత్రాన్ని ఏ కాంతిలో తీశారో, అందులో కనిపించే రంగు దేనికి గుర్తో తెలియకుండా చూస్తే వాటి అందం తప్ప మరేమీ మన మనసులో నిలవదు. నక్షత్రాలు పుట్టే మేఘాలను నిజంగా అర్థం చేసుకోవాలంటే ఒకే మేఘాన్ని రెండు మూడు కాంతులలో పక్కపక్కనే చూడాలి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2016లో అందుబాటులోకి తెచ్చిన ఈఎస్‌ఏస్కై అనే ఉచిత సేవ ఆ పనిని నేను చూసినంతలో అందరికంటే చక్కగా చేస్తోంది. మాడ్రిడ్ సమీపంలో ఉన్న ఆ సంస్థ ఖగోళశాస్త్ర కేంద్రం దీనిని నిర్వహిస్తోంది. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, ఖాతా కూడా అవసరం లేదు.

తెరపై మొత్తం ఆకాశం ఒక పటంలా పరచుకుంటుంది. దానిని లాగుతూ ఎటైనా వెళ్లవచ్చు, కావలసినంత దగ్గరకు తెచ్చుకోవచ్చు, లేదా వెతికే పెట్టెలో పేరు టైపు చేసి నేరుగా ఆ చోటికి చేరవచ్చు. దీని అసలు బలం పటాల జాబితాలో ఉంది. గామా కిరణాల నుంచి రేడియో తరంగాల దాకా వేర్వేరు దూరదర్శినులు తయారుచేసిన ఆకాశపటాలలో మనకు కావలసిన వాటిని ఒకదానిపై ఒకటి పేర్చుకుని, చూస్తున్న చోటు కదలకుండా, ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు.

మొదట చూడవలసినది బార్నార్డ్ 68. భూమికి సుమారు 400 నుంచి 500 కాంతి సంవత్సరాల దూరంలో, దాదాపు అర కాంతి సంవత్సరం వెడల్పున ఉన్న ఈ మేఘం దృశ్యకాంతి పటంలో ఆకాశానికి పడిన నల్లని రంధ్రంలా కనిపిస్తుంది. చుట్టూ పాలపుంత నక్షత్రాలు కిక్కిరిసి ఉండగా మధ్యలో ఒక్క చుక్క కూడా లేకపోవడం చూసి అక్కడ ఏమీ లేదని ఎవరైనా అనుకోవచ్చు. ఇప్పుడు అదే చోట 2మాస్ అనే సమీప పరారుణ పటానికి (ఎరుపు కంటే కాస్త పొడవైన, కంటికి కనిపించని తరంగాలతో తీసినదానికి) మారితే నలుపు కుంచించుకుపోతుంది, అంచుల వెంట ఎర్రబడిన నక్షత్రాలు బయటపడతాయి. అవి మేఘం వెనుక ఉన్న నక్షత్రాలు. ధూళికణాలు పొట్టి తరంగాలను ఎక్కువగా, పొడవైన తరంగాలను తక్కువగా అడ్డుకుంటాయి కాబట్టి దృశ్యకాంతి ఆగిపోయిన చోట పరారుణ కాంతి కొంతవరకు దాటి రాగలుగుతుంది. ఏ నక్షత్రం ఎంత ఎర్రబడిందో కొలిస్తే దాని ముందు ఎంత ధూళి ఉందో తెలుస్తుంది. 2001లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఇలాగే, మేఘం వెనుక ఉన్న నక్షత్రాల రంగులను కొలిచి, బార్నార్డ్ 68 లోపలి సాంద్రత అంచు నుంచి కేంద్రం వరకు ఎలా పెరుగుతుందో లెక్కగట్టారు. ఆ పరిశోధన వెనుక ఉన్న సూత్రాన్ని ఒక్క మీట నొక్కి కళ్లారా చూడగలగడం సామాన్య పాఠకుడికి చిన్న లాభం కాదు. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

తరువాత ఓరియన్ నీహారికకు, అంటే ఎం 42కు వెళ్లాలి. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ నీహారిక మన మృగశిర, ఆర్ద్ర నక్షత్రాలున్న తారామండలంలోనే ఉంది. దృశ్యకాంతి పటంలో దాని నడిమి భాగం మితిమీరిన వెలుగుతో తెల్లబారి ఉంటుంది. ఆ పటానికి ఆధారం పాత ఫోటోగ్రాఫిక్ పలకలు కావడం వల్ల అక్కడి ట్రపీజియం నక్షత్రగుచ్ఛం విడిగా కనిపించదు. ఆ గుచ్ఛంలోని అతివేడి నక్షత్రం వెదజల్లే అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను అయనీకరించడం, అంటే దాని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొట్టడం వల్లే నీహారిక ఎర్రగా ప్రకాశిస్తోంది. దూర పరారుణ కాంతిలో చూసిన అంతరిక్ష దూరదర్శిని హెర్షెల్ పటానికి మారినప్పుడు మాత్రం దృశ్యమంతా తలకిందులవుతుంది. ప్రకాశించే నీహారిక ఎంతో పెద్దదైన చల్లని మేఘపు ముందు అంచున ఏర్పడిన గుంట మాత్రమేనని, అసలు మేఘం దాని వెనుక ఉత్తర దక్షిణాలుగా పొడవైన తంతువులా సాగిందని అప్పుడు అర్థమవుతుంది. 2009 నుంచి 2013 వరకు పనిచేసిన హెర్షెల్, ఇటువంటి తంతువులు దాదాపు ప్రతి మేఘంలోనూ ఉన్నాయని, నక్షత్రాలుగా మారబోయే చిక్కని ముద్దలు ఎక్కువగా వాటి వెంటే ఏర్పడుతున్నాయని చూపింది. సొంత గురుత్వాకర్షణతో కుంగిపోవడం మొదలుపెట్టిన వాయువు ఎంత చల్లగా ఉంటుందంటే, అది దృశ్యకాంతిని వెలువరించనే లేదు. దానిలోని ధూళి ప్రసరించే దూర పరారుణ కాంతి మనకు దొరికే ముఖ్యమైన సాక్ష్యాలలో ఒకటి.

ఎం 16, అంటే ఈగిల్ నీహారిక కూడా ఇలా చూడదగినదే. 1995లో హబుల్ దూరదర్శిని తీసిన చిత్రంతో ప్రసిద్ధి పొందిన వాయు, ధూళి స్తంభాలు మొత్తం నీహారికలో ఎంత చిన్న భాగమో ఇక్కడ వెంటనే తెలిసిపోతుంది.

కొన్ని పరిమితులు చెప్పి తీరాలి. హెర్షెల్ ఆకాశమంతటినీ చూడలేదు కనుక, ఆ పటంలో చాలా చోట్ల ఖాళీలు ఉంటాయి, వాటిని చూసి అక్కడ ధూళి లేదని భావించకూడదు. పరారుణ పటాలలోని రంగులు కంటికి కనిపించే రంగులు కావు. సాధారణంగా పొట్టి తరంగాలకు నీలం, పొడవైన వాటికి ఎరుపు కేటాయిస్తారు కాబట్టి హెర్షెల్ చిత్రాలలో నీలం కొంత వెచ్చని ధూళిని, ఎరుపు మరింత చల్లని ధూళిని సూచిస్తుంది. ఈ సంగతి తెలియనివారు ఎర్రని భాగమే వేడిగా ఉందనుకునే ప్రమాదం ఉంది. తెలుగులో ఈ సేవ లేదు, పేర్లను ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి. ఇది పటాల భాండాగారమే గాని పాఠ్యపుస్తకం కాదు గనుక, పక్కన వివరించేవారు ఉంటే పిల్లలకు దీని ప్రయోజనం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

పరిశోధకుల కోసం ఉద్దేశించిన విధానంలో నక్షత్ర జాబితాలు, పరిశీలనల సమాచారం, పరిశోధన పత్రాల వివరాలు అన్నీ కలిసి తెర నిండిపోతుంది. అందువల్ల కొత్తవారు సాధారణ వీక్షకుల కోసం ఉన్న విధానంతోనే మొదలుపెట్టడం మంచిది. ఫోన్‌లో కంటే పెద్ద తెరపై చూడటం మేలు, ఎందుకంటే తంతువుల సన్నని నిర్మాణం చిన్న తెరపై పోతుంది. చిన్న దూరదర్శిని ఉన్నవారికి నా సలహా మరొకటి: చలికాలపు రాత్రి ఎం 42ను స్వయంగా చూసి, బూడిదరంగు పొగలా కనిపించే ఆ వెలుగు ఎంత మేర వ్యాపించిందో కాగితంపై గీసుకుని, ఆ తరువాతే హెర్షెల్ పటాన్ని తెరవండి. తరగతి గదిలో చూపించదలచిన ఉపాధ్యాయులు మాత్రం బార్నార్డ్ 68తోనే ప్రారంభించాలి, పటం మార్చే ముందు ఆ నల్లని చోట ఏముందని విద్యార్థులను అడగాలి.