డీఎస్3231 గడియారం బోర్డు: కొనండి, కానీ ముందు ఆ ఒక్క రెసిస్టర్ పీకేయండి

రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లకి (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) టైమర్ కట్టుకోవాలన్నా, ఇంట్లో నిక్కచ్చిగా నడిచే గడియారం చేసుకోవాలన్నా నేను చెప్పేది టైము లెక్కపెట్టే డీఎస్3231 చిప్ ఉన్న ఈ చిన్న నీలం బోర్డు గురించే. వెనకాల బటన్ సెల్ హోల్డర్, బోర్డు మీద జడ్‌ఎస్-042 అని అచ్చు ఉంటుంది. భీమవరం వైపు మా బాబాయి చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో ఇవి నడుస్తున్నాయి, కాకినాడలో నా టేబుల్ మీద ఇంకోటి ఉంది.

అక్కడ టైము ఎందుకు ముఖ్యమంటే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే వోల్టేజీ పడిపోతుంది, అందుకని ఒక్కో చెరువు బాక్సుకీ రెండేసి నిమిషాలు ఎడం పెట్టి స్టార్ట్ చేస్తాం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది కదా, ఆ వేళకి ఏ ఒక్కటి ట్రిప్ అయినా రొయ్య తేలిపోతుంది. పాత డీఎస్1307 బోర్డులతో ఈ ఎడం నిలబడదు. వాటికి క్రిస్టల్ (గడియారానికి టిక్కులు ఇచ్చే బుల్లి స్ఫటికం) బయట ఉంటుంది, ఉష్ణోగ్రతని బట్టి సరిదిద్దుకునే ఏర్పాటు లేదు. 25 డిగ్రీల దగ్గర బాగా నడిచే క్రిస్టల్ 45 డిగ్రీల షెడ్డులో రోజుకి ఒక సెకను పైనే వెనకబడుతుంది, ఒక్కో బోర్డూ ఒక్కోలాగ. డీఎస్3231లో క్రిస్టల్ చిప్ లోపలే ఉంటుంది, 64 సెకన్లకోసారి వేడి చూసుకుని తనే సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల దాకా 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు) లోపు తేడా అని డేటాషీట్ మాట, అంటే ఏడాది మొత్తానికి సుమారు ఒక నిమిషం. రోహిణి కార్తెలో రేకుల కింద 40 దాటేస్తుంది కాబట్టి అక్కడికి 3.5 పీపీఎం లెక్క వేసుకోండి, అయినా ఏడాదికి రెండు నిమిషాల లోపే. పంటకోసారి టైము సరిచేస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు లోపం. ఈ బోర్డు మీద డయోడ్ పక్కనే 201 అని రాసున్న బుల్లి రెసిస్టర్ ఉంటుంది, 200 ఓమ్స్. రీచార్జబుల్ సెల్‌ని చార్జ్ చేయడానికి పెట్టారు. మనం వేసేది మామూలు సీఆర్2032, అది చార్జ్ చేయకూడని సెల్. బోర్డుకి 5 వోల్టులు ఇస్తే 4.4 దాకా సెల్ మీదకి వెళ్తాయి, సెల్ ఉబ్బొచ్చు, కారొచ్చు. రీచార్జబుల్ ఎల్‌ఐఆర్2032 వేసినా దానికి 4.2 మించకూడదు, కాబట్టి అదీ పరిష్కారం కాదు. సోల్డరింగ్ ఐరన్ రెండు చివర్లా ఆనిస్తే ఆ రెసిస్టర్ ఊడొచ్చేస్తుంది, అంతే. ఊడదీయడం చేతకాకపోతే బోర్డుని 3.3 వోల్టుల మీదే నడపండి. అమ్మేవాళ్లు ఈ ముక్క ఎక్కడా రాయరు, అది నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే కొనేవాళ్లలో ఇంజినీరింగ్ చదివే పిల్లలే ఎక్కువ.

రెండోది, చిప్ మీద ఏం రాసుందో చూడండి. డీఎస్3231ఎస్‌ఎన్ అయితే క్రిస్టల్ రకం, పైన చెప్పిన లెక్క దానిదే. డీఎస్3231ఎమ్ అయితే మెమ్స్ రకం (క్రిస్టల్ బదులు సిలికాన్‌లో చెక్కిన అతి చిన్న కంపించే భాగం), తేడా 5 పీపీఎం దాకా పోతుంది. చెరువు పనికి అదీ నడుస్తుంది, గడియారం సరదా ఉన్నవాళ్లకి మాత్రం ఎస్‌ఎన్.

బోర్డు మంచిదో కాదో నెలలు ఆగి చూడక్కర్లేదు. నియో-6ఎం జీపీఎస్ మాడ్యూల్ డాబా మీదకి ఆకాశం కనిపించేలా పెట్టండి, శాటిలైట్లు దొరికాక దాని పీపీఎస్ పిన్ సెకనుకోసారి నానోసెకన్ల కచ్చితత్వంతో కొడుతుంది. అది ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరం) మొదటి చానెల్‌కి, ట్రిగ్గర్ దాని మీదే. డీఎస్3231 ఎస్‌క్యూడబ్ల్యూ పిన్‌ని 1 హెర్ట్జ్‌కి (సెకనుకోసారి) మార్చి రెండో చానెల్‌కి ఇవ్వండి (మొదట్లో ఆ పిన్ అలారం మోడ్‌లో ఉంటుంది, కంట్రోల్ రిజిస్టర్‌లో మార్చాలి). సెకను మారేది కిందకి దిగే అంచు మీద, దాన్నే చూడండి. ఒక పీపీఎం తేడా ఉంటే ఆ అంచు సెకనుకి ఒక మైక్రోసెకను చొప్పున పక్కకి జరుగుతుంది. పది నిమిషాల్లో 1.2 మిల్లీసెకన్లు దాటి జరిగిందంటే అది 2 పీపీఎంలో లేనట్టే. ఆ గీత తెర మీద అంత నిదానంగా జరుగుతుంటే చూడడం నాకు భలే ఇష్టం. దేశమంతటి టైముకీ ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి కాస్త తూర్పునే పోతుంది, ఆ ఊళ్లో కూర్చుని ఈ పని చేయడం ఇంకా బాగుంటుంది. కొంచెం తేడా కనిపిస్తే చిప్ వేగాన్ని మార్చే ఏజింగ్ రిజిస్టర్‌లో సర్దొచ్చు, మామూలు గది వేడి దగ్గర ఒక్కో మెట్టూ 0.1 పీపీఎం.

ప్రోగ్రాం రాసేటప్పుడు ఆసిలేటర్ ఆగిందా అని చెప్పే బిట్‌ని తప్పకుండా చదవండి. సెల్ అయిపోయి గడియారం ఆగితే ఆ బిట్ 1 అవుతుంది, అప్పుడు ఆ టైముని నమ్మి మోటార్ వేయకుండా ఎర్ర దీపం వెలిగించాలి. మా బాక్సుల్లో అలాగే పెట్టాం, బాబాయికి చెప్పింది ఒకటే, "ఎర్రది వెలిగితే నాకు ఫోన్ చెయ్యి, ఈలోగా చేత్తో స్టార్ట్ చెయ్యి" అని.

చెరువు గట్టు గాలికి పిన్నులు పచ్చబడతాయి, కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా బోర్డు మీద వేసే పూత) కొట్టండి, సెల్ హోల్డర్ కాంటాక్టుల మీద మాత్రం పడనీయకండి. హైదరాబాద్ వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో చేత్తో పట్టుకుని చిప్ మీద అక్షరాలు చదివి కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే డబ్బులు కట్టే ముందే చిప్ దగ్గరి ఫోటో అడగండి, పంపనంటే ఇంకో షాపు చూసుకోండి.