గోస్ట్‌బస్టర్స్: పాతదా, కొత్తదా, మరీ కొత్తదా?

దసరా సెలవులకి గుంటూరు నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. పదకొండేళ్లు. విజయవాడలో దసరా అంటే తెలుసుగా, కొండ వైపు వెళ్లే దారులన్నీ బారికేడ్లే. దానికి తోడు వాన. ఇంట్లోంచి కదిలే పని లేదు కాబట్టి మూడు రాత్రులు మూడు సినిమాలు చూద్దామని వాడే తేల్చేశాడు. "దయ్యాలుండాలి మామయ్యా, కానీ పడుకున్నాక భయం వేయకూడదు" అని షరతు కూడా పెట్టాడు. ఆ షరతుకి సరిపోయేవి గోస్ట్‌బస్టర్స్ సినిమాలే. 1984లో వచ్చిన అసలుది ఒకటి. 2016లో అదే పేరుతో, పాత కథతో సంబంధం లేకుండా కొత్తగా మొదలుపెట్టింది ఇంకొకటి. 2021లో పాతదానికి కొనసాగింపుగా వచ్చిన 'ఆఫ్టర్‌లైఫ్' మూడోది. 1989లో, 2024లో వచ్చినవి కూడా ఉన్నాయి గానీ వాటిని వదిలేశాం.

మా అమ్మ కూడా మాతో కూర్చుంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అవసరమైన చోట నేను తెలుగులో చెప్పాలి. మొదట్లో ఇదేం తలనొప్పి అనుకున్నాను గానీ, రెండో రాత్రికి అర్థమైంది, ఈ మూడు సినిమాల్ని తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ దొరకదని. మాట తెలియని మనిషి ఎక్కడ నవ్వింది, ఎక్కడ లేచి వంటింట్లోకి వెళ్లింది అని చూస్తే చాలు.

అసలు సినిమా కథ చాలామందికి తెలిసిందే. న్యూయార్క్‌లో దయ్యాల మీద పరిశోధన చేసే ముగ్గుర్ని యూనివర్సిటీ గెంటేస్తుంది. వాళ్లు పాత ఫైర్ స్టేషన్ ఒకటి తీసుకుని దయ్యాలు పట్టే కంపెనీ పెడతారు. డాన్ ఐక్రాయిడ్, హెరాల్డ్ రామిస్ కలిసి రాశారు, ఇద్దరూ నటించారు కూడా. దర్శకుడు ఐవాన్ రైట్‌మన్. బిల్ మర్రే ఆ ముగ్గుర్లో మాటకారి. ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. ఈసారి నాకు కొత్తగా కనిపించింది ఏమిటంటే, ఇది దయ్యాల సినిమా కంటే ముందు ఒక షాపు పెట్టిన కథ.

చూడండి. పెట్టుబడి ఎక్కడిది? రే అనేవాడు అమ్మానాన్నలు వదిలిపోయిన ఇంటిని తాకట్టు పెట్టాడు. వడ్డీ 19 శాతం. బ్యాంకు నుంచి బయటికొస్తూ, కనీసం బేరమైనా ఆడలేదేంట్రా అని పక్కవాళ్లు వాణ్నే దెప్పుతారు. మొదటి అయిదేళ్ల వడ్డీయే 95 వేల డాలర్లవుతుందని మూడోవాడు లెక్క చెప్తాడు. తర్వాత బండి. 1959 నాటి క్యాడిలాక్, తుక్కుకి దగ్గర్లో ఉంది. దాన్ని తెచ్చి వాకిట్లో ఆపి, బ్రేకులు చేయించాలి, స్టీరింగ్ బాక్స్ చేయించాలి, షాకులు మార్చాలి అంటూ పెద్ద చిట్టా చదివి, "4,800 డాలర్లే" అంటాడు రే. ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా అరగంట నిలబడండి, ఇదే సంభాషణ అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. అమ్మకి నేను చెప్పకముందే అర్థమైంది. "మీ నాన్న అంబాసిడర్ కొన్నప్పుడు కూడా ఇట్లాగే 'అంతే' అన్నారు" అంది.

హోటల్లో మొదటి దయ్యాన్ని పట్టే సీను ఈ సినిమాకి గుండెకాయ. ముస్తాబు చేసిన విందు హాలు. వీపులకి యంత్రాలు తగిలించుకుని ముగ్గురూ లోపలికి దిగుతారు. ఆ యంత్రాలు చూడగానే అమ్మ "మిరపతోటకి మందు కొట్టడానికి వచ్చినట్టున్నారేరా" అంది. మావాడు పడీ పడీ నవ్వాడు. నిజమే, అచ్చం మా అక్కావాళ్ల ఊళ్లో తైవాన్ స్ప్రేయర్ తగిలించుకున్న కూలీల్లాగే ఉన్నారు. సినిమా తీసినవాళ్లు కోరుకున్నదీ ఇలాంటి పోలికే. వీళ్లు వీరులు కారు, ఎలుకల మందు పెట్టడానికి వచ్చిన మనుషులు. షాండ్లియర్ కూలుతుంది, బార్ తగలబడుతుంది. దారికి అడ్డమని మర్రే ఒక టేబుల్ మీది గుడ్డని గారడీవాడిలా లాగుతాడు. ప్లేట్లూ గ్లాసులూ అన్నీ భళ్లున కింద పడతాయి. మధ్యలో పూలకుండీ ఒక్కటే నిలబడుతుంది. పూలు మాత్రం నిలబడ్డాయి అని చేతులు చాచి గర్వంగా అరుస్తాడు. బయటికొచ్చి మేనేజర్‌కి బిల్లు చెప్తారు: పట్టినందుకు 4,000, నిల్వ ఉంచడానికి 1,000. అదీ ఈ వారం స్పెషల్ రేటు. నేనివ్వను అంటాడు మేనేజర్. సరే, దాన్ని మళ్లీ లోపలే వదిలేస్తాం అంటారు వీళ్లు.

ఇక్కడ అమ్మ నవ్వింది చూడండి, పక్క ఫ్లాటుకి వినబడేలా.

నాలుగోవాడు విన్‌స్టన్ ఉద్యోగానికి వచ్చినప్పుడు దయ్యాల్ని నమ్ముతావా, ఎగిరే పళ్లాల్ని నమ్ముతావా అని పెద్ద పట్టిక అడుగుతారు. నెల నెలా జీతం వస్తుందంటే మీరేది చెప్తే అది నమ్ముతానంటాడు. ఇక విలన్? పైలోకం నుంచి వచ్చిన గోజర్ అనే దేవత ఉంది గానీ, అసలు కొంప ముంచింది పర్యావరణ శాఖ ఇన్‌స్పెక్టర్. పర్మిషన్ లేదని కరెంటు కట్టేయిస్తాడు. పట్టి పెట్టిన దయ్యాలన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడతాయి. షాపు పెట్టినవాడికి దయ్యం కంటే ఇన్‌స్పెక్టరే ఎక్కువ భయం అన్నది మన దగ్గర ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

భయం కూడా ఉంది, అదే గొప్ప. అకౌంటెంట్ లూయీని భూతకుక్క తరుముతుంది. వాడు పార్కులో ఉన్న పెద్ద రెస్టారెంటు అద్దాల మీద బాదుతాడు. లోపల తింటున్నవాళ్లంతా ఒక్క క్షణం ఆగి చూస్తారు, వాడు జారిపోతాడు, మళ్లీ ఫోర్కులు కదులుతాయి. అక్కడ నవ్వాలో వణకాలో తెలియలేదు మావాడికి. దిండు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

రెండో రాత్రి 2016ది. నేను ముందే ఒకసారి చూసి చేదు మింగినవాణ్ని. అయినా మావాడి ముందు నోరు మూసుకున్నాను, వాడి అభిప్రాయం వాడిది. ఇందులో నలుగురూ ఆడవాళ్లు: మెలిస్సా మెకార్తీ, క్రిస్టెన్ విగ్, కేట్ మెకినన్, లెస్లీ జోన్స్. దర్శకుడు పాల్ ఫీగ్. సినిమా రాకముందే, ఆడవాళ్లతో తీస్తారా అని పెద్ద రచ్చ జరిగింది. ట్రైలర్‌కి డిస్‌లైకులు కుప్పలు పడ్డాయి. లెస్లీ జోన్స్‌ని అయితే ట్విట్టర్‌లో నోటికొచ్చినట్టు తిట్టారు. అది సిగ్గుమాలిన పని. నలుగురూ హాస్యంలో చెయ్యి తిరిగినవాళ్లే. ఈ సినిమా తేలిపోయింది వాళ్లు ఆడవాళ్లయినందుకు కాదు, వాళ్లకి చేయడానికి పని ఇవ్వనందుకు.

పాతదాంట్లో తాకట్టు, బండి, బిల్లు, జీతం అని నేను ఇందాక ఏకరువు పెట్టినవి ఇందులో వెతకండి. ఫైర్ స్టేషన్ చూడటానికి వెళ్తారు. నెలకి 21 వేల డాలర్ల అద్దె అనేసరికి వెనక్కి వచ్చి ఒక చైనీస్ హోటల్ పై అంతస్తులో దిగుతారు. ఆహా, ఇక డబ్బు కష్టాలు మొదలవుతాయి కాబోలు అనుకుంటాం. మళ్లీ ఆ ఊసే లేదు. దయ్యం పట్టినందుకు ఎవరు ఎంతిచ్చారు, అసలు ఇచ్చారా, ఎవరికీ పట్టదు. మేయర్ బయటికి వీళ్లని మోసగాళ్లంటూ లోపల్లోపల నమ్ముతుంటాడు, చివరికి వీళ్ల ఖర్చులు కూడా మేయర్ ఆఫీసువాళ్లే భరిస్తారు. ఇన్‌స్పెక్టర్ బాధ లేని షాపులో ఇంక కథేముంది?

దయ్యాల లెక్క కూడా తప్పింది. పాతదాంట్లో ఒక పద్ధతుంది: కిరణంతో కట్టడి చేయాలి, కింద పెట్టెలోకి దించాలి, తెచ్చి గోడలోని ట్యాంకులో వేయాలి, కిరణాలు మాత్రం ఒకదాన్నొకటి దాటకూడదు. ముందే గట్టిగా చెప్పిన ఆ ఒక్క నియమాన్ని చివర్లో తెగించి వాళ్లే దాటుతారు కాబట్టి మన గుండె ఆగుతుంది. 2016 దాంట్లో టైమ్స్ స్క్వేర్ దగ్గరికి వచ్చేసరికి తుపాకులు, బాంబులు, పిడిగుద్దుల గ్లోవ్స్ అన్నీ వచ్చేస్తాయి. దయ్యాలు బుడగల్లా పేలిపోతుంటాయి. అంత తేలిగ్గా పేలిపోయేదాన్ని పెట్టెలో పెట్టి మోయడం ఎందుకు అని మావాడే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. పెద్ద దయ్యాన్ని నడుం కిందకి గురిపెట్టి కొట్టినప్పుడు మాత్రం వాడు తెగ నవ్వాడు. పదకొండేళ్లు మరి.

మాటలు కూడా అంతే. సీను అయిపోయినా సంభాషణ అయిపోదు. సూప్‌లో వాంటన్లు, అంటే కూరిన పిండి ముద్దలు, తక్కువేశారని మెకార్తీ పదే పదే గొడవ. మొదటిసారి బాగుంది, తర్వాత తర్వాత మన పెళ్లిళ్లలో మైకు వదలని బంధువు గుర్తొస్తాడు. అమ్మ రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చింది, ఒకసారి ఇడ్లీ పిండి రుబ్బి మరీ వచ్చింది. కథ ఎంతవరకొచ్చిందని అడగలేదు. అదే తీర్పు.

పాతవాళ్లని తలా ఒక నిమిషం చూపించడం ఇంకో విసుగు. మర్రే దయ్యాల్ని నమ్మని పెద్దమనిషిగా వస్తాడు, ఐక్రాయిడ్ టాక్సీ నడుపుతాడు, మిగతావాళ్లలో కొందరు కూడా ఏదో ఒక మూల కనిపిస్తారు. వచ్చినప్పుడల్లా కథ ఆగి ఈలల కోసం ఎదురుచూస్తుంది. కొత్తగా మొదలుపెట్టాం అంటూనే మాటిమాటికీ పాత ఇంటి వైపు చూడటం ఎందుకు?

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, దాచను. కేట్ మెకినన్ చేసిన హోల్ట్స్‌మన్ అనే ఇంజినీరు పిల్ల ప్రతి ఫ్రేములో ఏదో ఒక చిలిపి పని చేస్తుంటుంది. రెండు చేతుల్లో రెండు తుపాకులతో విరుచుకుపడే ఆ ఒక్క నిమిషం కోసం సినిమా మళ్లీ చూడొచ్చు. రిసెప్షనిస్టుగా క్రిస్ హెమ్స్‌వర్త్ కూడా నవ్విస్తాడు. అద్దాలు మాటిమాటికీ మురికవుతున్నాయని కళ్లజోడులోంచి అద్దాలే తీసేసిన మహానుభావుడు. అమ్మ ఈ సినిమాలో నవ్వింది ఒక్క ఆ కళ్లజోడుకే. 14 కోట్ల 40 లక్షల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి దాదాపు 22 కోట్ల 90 లక్షలు వసూలైంది. హాళ్లవాళ్ల వాటా, పబ్లిసిటీ ఖర్చు తీసేస్తే ఏం మిగులుతుందో గాంధీనగర్‌లో ఏ డిస్ట్రిబ్యూటర్‌ని అడిగినా చెప్తాడు. ఆ కథ అక్కడితో ఆగిపోయింది.

పాత కథని మళ్లీ తీస్తే పాడవుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మన యమలోకం కామెడీలే సాక్ష్యం. 1958లో వచ్చిన ఒక బెంగాలీ సినిమా ఆధారంగా 1960లో 'దేవాంతకుడు' తీశారు, మళ్లీ 1977లో 'యమగోల' తీశారు. రెండింట్లోనూ హీరో ఎన్టీఆరే. ఇంకా తమాషా ఏమిటంటే జనానికి బాగా గుర్తున్నది రెండోది. ఎందుకంటే అందులో మన కృష్ణా జిల్లా సత్యనారాయణ యముడిగా సింహాసనం మీద కూర్చుంటే, కింద యమభటుల చేత సమ్మె చేయించారు. 1970ల్లో వీధుల్లో చూస్తున్న యూనియన్ గొడవ తిన్నగా యమలోకంలోకి వెళ్లింది. దయ్యమో దేవుడో మన రోజువారీ పనిలో వేలు పెట్టినప్పుడే నవ్వొస్తుంది. 2016 వాళ్లకి అంతర్జాలం ఉంది, అద్దెల మంట ఉంది, ఉద్యోగాల టెన్షన్ ఉంది. వాడుకుని ఉంటే వాళ్ల యమగోల వాళ్లకి దొరికేది.

మూడో రాత్రి 'ఆఫ్టర్‌లైఫ్'. ఐవాన్ రైట్‌మన్ కొడుకు జేసన్ దర్శకుడు. కథ న్యూయార్క్ వదిలి ఓక్లహోమాలో ఒక పల్లెకి వెళ్తుంది. 2014లో పోయిన హెరాల్డ్ రామిస్ పాత్రకి మనవరాలు ఫీబీ, తాత పొలంలో పాత యంత్రాలు బయటికి తీస్తుంది. కారు పక్కకి సీటు తెరుచుకుని ఆ పిల్ల దయ్యం వెంటపడే సీనుకి మావాడు సోఫా మీద నిలబడ్డాడు. సూపర్ మార్కెట్లో గుప్పెడంత మార్ష్‌మాలో (మెత్తటి మిఠాయి) బొమ్మలు ఒకదాన్నొకటి కాల్చుకుంటుంటే అమ్మ కూడా నవ్వింది. కానీ రెండో సగం మొత్తం ఫొటోకి దండ వేసి దీపం పెట్టినట్టుంటుంది. అదే గోజర్, అవే కుక్కలు, చివరికి కంప్యూటర్‌తో చేసిన రామిస్ ఆత్మ. నాకూ కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. కానీ నవ్వుకుందామని వెళ్తే సంవత్సరీకానికి పిలిచినట్టయింది.

కాబట్టి ఒక్క రాత్రే ఉంటే 1984ది. రెండో ఆలోచన వద్దు. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, భూతకుక్కలు పరిగెత్తేటప్పుడు అతికించినట్టే కనిపిస్తాయి, అయినా అదే. మధ్యలో రే కలలో దయ్యం వచ్చే సీను ఒకటి పిల్లలతో చూసేది కాదు, రిమోట్ చేతిలో ఉంచుకోండి. సిగరెట్లు కూడా ఎక్కువే తాగుతారు. ఇంట్లో పదీ పన్నెండేళ్ల పిల్లలుంటే, రెండో రాత్రి కూడా ఖాళీ అయితే 'ఆఫ్టర్‌లైఫ్' పెట్టండి, కానీ మొదటిది చూశాకే. లేకపోతే ఆ దండలు ఎవరికో అర్థం కాదు. 2016ది వాన తగ్గకపోతే. నవ్వుల లెక్కన చూస్తే మూడోదాని కంటే నాలుగు ఎక్కువే ఉన్నాయి గానీ, మధ్యలో ఇడ్లీ పిండి రుబ్బుకునే పని ఏదైనా ఉంచుకోవాలి.

మావాడు 'ఆఫ్టర్‌లైఫ్' ఫస్టు అని అక్కకి ఫోన్లో చెప్పేశాడు. సెలవులయ్యాక వాణ్ని గుంటూరు బస్సెక్కించి వచ్చేసరికి అమ్మ వరండాలో చిక్కుడుకాయలు వలుస్తోంది. మూడు సినిమాలు చూశావు కదా, ఏం గుర్తుందమ్మా అని అడిగాను.

"ఇంతకీ ఆ హోటలోడు అయిదువేలూ ఇచ్చాడా లేదా?" అంది.