బిల్లీ హాలిడే ప్రేమ పాటలు: సంకలనం కొనేముందు ఏళ్లు చూడండి

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే ప్రేమ పాటల పేరుతో సంకలనాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఏళ్ల తరబడి వింటున్నా నాకు విసుగు రానిది ఒక్కటే: 1935–42 మధ్య బ్రన్స్‌విక్, వొకాలియన్, కొలంబియా అనే రికార్డు లేబుళ్ల మీద వచ్చిన పాటలతో కూర్చిన సీడీ. ఒకే కాలానికి కట్టుబడి ఉండటమే దాని బలం.

ఎందుకంటే ఆమె గొంతు ఒక్కటి కాదు. 1930లలో తేలిగ్గా, కాస్త కొంటెగా ఉంటుంది. 1944లో డెక్కా కంపెనీకి 'లవర్ మ్యాన్' పాడేసరికి వెనక వయొలిన్ల బృందం వచ్చింది, గొంతు నిండుగా, బరువుగా మారింది. 1957 నాటి వెర్వ్ కంపెనీ రికార్డుల్లో బొంగురు స్పష్టంగా తెలుస్తుంది. 1958లో రే ఎల్లిస్ వాద్యబృందంతో చేసిన 'లేడీ ఇన్ శాటిన్' ఆల్బమ్ అయితే గాయం విప్పి చూపినట్టే ఉంటుంది. ఈ నాలుగింటినీ కలిపేసిన సంకలనంలో పాట మారినప్పుడల్లా శబ్దం స్థాయి ఎగిరిపడుతుంది, మనసు కుదురుకోదు. ప్రతి కాలమూ గొప్పదే, కానీ విడివిడిగా వినాలి.

తొలినాళ్ల పాటలు కొత్తవారిని కాస్త తికమక పెడతాయి. పాట మొదలై నిమిషం కావస్తున్నా గొంతు వినిపించదు. అవి పియానిస్టు టెడ్డీ విల్సన్ బృందం పేరుతో వచ్చిన 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులు, ఒక్కో వైపు మూడు నిమిషాలే. అందులో గాయనికి దక్కేది ఒక వంతు, మిగతాది వాద్యాలది. 1937 నాటి 'దిస్ ఇయర్స్ కిసెస్'లో ముందు లెస్టర్ యంగ్ టెనర్ శాక్సఫోన్ మీద బాణీ మొత్తం వినిపించాకే ఆమె అందుకుంటుంది. ఆ భాగాన్ని దాటేయకండి. బాణీ చెవిలో పడ్డాకే ఆమె దాన్ని ఎంత మార్చిందో తెలుస్తుంది: పైకి ఎగరాల్సిన స్వరాలను కిందికి దించుతుంది, మాటను తాళం వెనక్కి లాగి చరణం చివర్లో సరిచేస్తుంది. ఆమె ప్రేమ పాటలో ఆరాటమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. రికార్డులు ఆమె పేరుతోనే రావడం మొదలయ్యాక గొంతుకు చోటు పెరిగింది. 1941 నాటి 'ఆల్ ఆఫ్ మీ' అలాంటిదే. ఎవరికైనా మొదట వినిపించాలంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

ఇక శబ్దం సంగతి. ఇవన్నీ మోనో, అంటే ఒకే చానెల్ శబ్దం. ట్రెబుల్ (పై స్థాయి శబ్దం) పెంచితే స్పష్టత రాదు, సూది గరగర పెరుగుతుంది. ఈక్వలైజర్ ఆపేసి, ఒక్క మంచి స్పీకరు పెట్టుకున్నా చాలు. గరగర అసలే లేని కాపీని అనుమానించాలి. శుభ్రం చేసే మోజులో డ్రమ్స్‌లోని సింబల్ పళ్లేల మోతను, గొంతు అంచునూ కలిపి చెరిపేసి ఉంటారు. వాల్టర్ పేజ్ బాస్, డ్రమ్మర్ జో జోన్స్ బ్రష్షుల చప్పుడు వినిపిస్తున్నాయా అన్నది నా పరీక్ష. 'స్టీరియోగా మార్చినది' అని రాసి ఉంటే వదిలేయండి.

స్ట్రీమింగ్‌లో ఇబ్బంది వేరు. యూరప్‌లో ఈ రికార్డింగుల హక్కుల గడువు తీరిపోవడంతో ఎవరు పడితే వారు సంకలనాలు వేస్తున్నారు. అక్కడ కనిపించే సంవత్సరం తరచు సంకలనం వేసినది, పాట రికార్డయినది కాదు. 'బాడీ అండ్ సోల్' 1940లోనూ పాడింది, 1957లోనూ పాడింది. నిడివి చూడండి: మూడు నిమిషాలకు అటూ ఇటూ ఉంటే పాతది, ఆరు దాటితే వెర్వ్‌ది.

సీడీ కొంటే దానితో వచ్చే చిన్న పుస్తకంలో ప్రతి పాటకూ తేదీ, వాద్యకారుల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేనిదానికి డబ్బు పెట్టవద్దు. ఇంకా కావాలనిపిస్తే కొలంబియా 2001లో పది సీడీల పెట్టె తెచ్చింది. ఒకే పాటను మళ్లీ మళ్లీ పాడి రికార్డు చేసిన వేర్వేరు టేకులు కూడా అందులో ఉన్నాయి కాబట్టి అది రెండో కొనుగోలుగానే బాగుంటుంది.