స్కూల్ నర్సు ఉద్యోగం: డే స్కూలా, హాస్టల్ స్కూలా?

డబ్బు: డే స్కూల్లో చేతికొచ్చేది జీతమే. హాస్టల్ స్కూల్లో వసతి, భోజనం కూడా ఇస్తారేమో కనుక్కోండి.

పనివేళలు: డే స్కూల్లో సాయంత్రం బెల్లుతో ఇంటికి. హాస్టల్లో రాత్రి 2 గంటలకు జ్వరంతో వణుకుతున్న పిల్లాడు తలుపు తట్టొచ్చు.

బాధ్యత: చాలా స్కూళ్లలో నర్సు ఒక్కరే, పక్కన డాక్టరు ఉండరు. ఆయాసపడుతున్న పాపకు ఇన్‌హేలర్ సరిపోతుందా, అంబులెన్స్ పిలవాలా అన్నది మీరే తేల్చాలి. అందుకే మందుల బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు ఉన్నాయో లేదో ఇంటర్వ్యూలోనే అడగండి. నేనైతే జీతం కంటే ముందు ఇదే అడుగుతాను.

ఇంట్లో చిన్నపిల్లలుంటే డే స్కూలే నయం. ఎమర్జెన్సీ వార్డులో చేసిన అనుభవం ఉండి, అద్దె మిగుల్చుకోవాలంటే హాస్టల్ స్కూలు.